ఊరికే నడవడం

తెలుగులో ‘ఊరికే’ అన్న మాట నాకు చాలా ఇష్టం. కారణం లేదు, ఆశించే ఫలితం లేదు, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు అనే మూడర్థాలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మగవాళ్ల నోట అది రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. ఊరికే అట్లా వెళ్లొస్తా, ఊరికే సెంటర్లో నిలబడ్డాం, ఊరికే కొండెక్కి దిగొచ్చాం. అదే మాట ఆడవాళ్ల మీదికి వచ్చేసరికి రంగు మార్చుకుంటుంది. ‘ఊరికే కూర్చోకపోతే ఆ బియ్యం ఏరొచ్చు కదా’ అంటే అది పురమాయింపు. ‘ఊరికే తిరుగుతుంటుంది’ అంటే అది శీలం మీద వేసే నింద. స్త్రీ కదలికకు ఎప్పుడూ ఒక కారణం ఉండాలనీ, ఆ కారణం ఇంకొకరికి పనికొచ్చేదై ఉండాలనీ మన సమాజం ఈ మాట వాడకంలోనే రాసిపెట్టుకుంది.

నేనిక్కడ మాట్లాడదలచుకున్నది కొండల్లో, కోనల్లో ఊరికే నడవడం గురించి. అమెరికాలో దాన్ని హైకింగ్ అంటారు, మన దగ్గర ట్రెక్కింగ్ అన్న పేరు స్థిరపడింది. ఇది తీరుబడి ఉన్నవాళ్ల సరదా కదా, స్త్రీల సమస్యలు ఇన్ని ఉండగా దీని మీద వ్యాసమా అని అడిగేవాళ్లుంటారు. కానీ స్వేచ్ఛ అంటే ఏమిటి, ఎవరి స్వేచ్ఛ ఎవరి భుజాల మీద నిలబడుతుంది అన్న ప్రశ్న నాకు పుస్తకాల్లోకంటే శేషాచలం బాటల్లోనే సూటిగా ఎదురైంది.

తిరుపతిలో ఉండేవాళ్లకు కొండ రోజూ కనబడుతూనే ఉంటుంది. సాయంత్రపు ఎండకు ఆ రాతిగోడ ఎర్రబడుతుంది. ఘాట్ రోడ్డులో ఒకచోట కింది గ్రానైటు, దాని మీది క్వార్ట్‌జైటు పొరలు కలిసే గీత చూడొచ్చు. ఆ రెంటి మధ్య కోట్లాది సంవత్సరాల కాలం రాతిలో నమోదు కాకుండానే పోయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ గోడల్లోనూ ఇలా తప్పిపోయిన కాలపు గీత ఉంది. తిరుమల మీది శిలాతోరణం కూడా అక్కడి ఎడారి పార్కుల్లోని రాతి తోరణాలకు చిన్న చెల్లెలే. కాన్యన్ అన్న మాట మనకు పరాయిదే కానీ ఆ భూమి పరాయిది కాదు. తుంబురు కోన, తలకోన అని మనవాళ్లు ఎప్పుడో పేర్లు పెట్టుకున్నారు. 1989లో ఈ కొండల్లో 353 చదరపు కిలోమీటర్లు శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు అయింది. 2010లో శేషాచలం మొత్తం బయోస్ఫియర్ రిజర్వ్ అయింది.

అయినా మా వీధిలో గ్రాండ్ కాన్యన్ చూసిన ఆడవాళ్లు తుంబురు కోన చూసినవాళ్లకంటే ఎక్కువ. కొడుకులో కూతుళ్లో అమెరికాలో ఉంటారు, పురుడు పోయడానికి వెళ్తారు, ఆ ఆరునెలల్లో ఒక వారాంతం కాన్యన్‌కు తీసుకెళ్తారు. చీర మీద స్వెట్టరు, కాళ్లకు కోడలు కొన్న బూట్లు, వెనకాల అంతులేని ఎర్రటి లోయ. ఇటువంటి ఫోటో లేని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ. ‘అట్లా అంచున నిలబడి చూస్తే ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు’ అంది ఒకావిడ. ముప్ఫయ్యేళ్లు కొండ కిందే కాపురం చేసిన మనిషికి ఆ ఏడుపు పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల వచ్చింది. ఇక్కడ ఆమె కొండెక్కలేదా? లెక్కలేనన్నిసార్లు ఎక్కింది. అలిపిరి నుంచి మూడు వేల అయిదొందల పైచిలుకు మెట్లకు ఒక్కోదానికి పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కింది. నడుం వంచి మెట్టును చూస్తూ పోయేవాళ్లకు లోయ కనబడదు.

మొక్కు, కట్టెలు, పిల్లల పుట్టువెంట్రుకలు. మా ప్రాంతపు స్త్రీలను కొండ మీదికి పంపిన కారణాలు ఇవే. దేవుడి కోసం, పొయ్యి కోసం, బిడ్డ కోసం. నాలుగో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

ఆ నాలుగో కారణంతో వెళ్లిన మనిషి చరిత్రలో ఎవరైనా ఉన్నారా అని వెతికితే నాకు తరిగొండ వెంగమాంబ కనిపించింది. పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. 1730 ప్రాంతంలో పుట్టి 1817 దాకా బతికిందంటారు. బాల్యంలోనే పెళ్లయింది, బాల్యంలోనే భర్త పోయాడు. వైధవ్యపు ముద్రలు వేసుకోవడానికి, తల గొరిగించుకోవడానికి ఒప్పుకోలేదు. తరిగొండ విడిచి తిరుమల చేరింది. అక్కడా ఇరుగుపొరుగు వేధింపులు తప్పలేదనీ, అవి పడలేక తుంబురు కోనలోకి వెళ్లి కొన్నేళ్లు ఒంటరిగా ఉండి తపస్సు చేసిందనీ కథ. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం రాసిన చెయ్యి ఆమెది. ఈనాటికీ తిరుమలలో ఏకాంత సేవలో ఆమె పేర హారతి ఇస్తారు. 2011లో ప్రారంభమైన పెద్ద అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టారు. ఆమె అన్నదానం చేసిందంటారు కాబట్టి అది సబబే. కానీ వండి పెట్టిన స్త్రీగా ఆమెను గుర్తుంచుకోవడం మనకెంత సులువు! కోనలో ఎవరికీ ఏమీ వండిపెట్టకుండా గడిపిన ఏళ్లకు పేరు పెట్టడానికి మన దగ్గర ఏ భవనమూ లేదు.

ఆ కోనను నేను ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటి రోజున చూశాను. పాపవినాశనం దగ్గర బస్సు దిగి అడవిలో ఆరేడు కిలోమీటర్లు నడవాలి. మొదట ఎండుటాకుల బాట, తర్వాత బండలు, ఆ తర్వాత నీళ్లు. చివరికి రెండు రాతిగోడలు ఎంత దగ్గరకు వస్తాయంటే, ఆకాశం పైన ఒక గుడ్డపీలికంత మిగులుతుంది. నడుంలోతు నీళ్లలో తాడు పట్టుకుని పోవాలి. తడిసిన చీరలు కాళ్లకు చుట్టుకుంటుంటే డెబ్బయ్యేళ్ల అవ్వలు చెప్పులు లేకుండా, ముక్కూమొహం తెలియనివాళ్ల చెయ్యి పట్టుకుని దాటుతున్నారు. ఆ రోజు ఎవరినీ ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. గోవింద నామం అందరి తరఫునా జవాబు చెప్పేసింది. మర్నాటికి ఆ బాట మళ్లీ మూతబడింది.

ఆ ఒక్కరోజుతో నాకు తృప్తి కలగలేదు. పౌర్ణమి కాని రోజున, గుంపు లేకుండా, నామం లేకుండా ఏదైనా కోనలోకి నడవాలనిపించింది. ఒక ట్రెక్కింగ్ బృందం వాళ్లను అడిగితే, ‘ఆడవాళ్లు ఒంటరిగా వస్తే బాధ్యత మా మీద పడుతుంది మేడమ్, సారు గూడా వస్తారా?’ అన్నారు. ఇంట్లో ‘ఇప్పుడెందుకు?’ అన్నారు. కాలేజీలో ‘ఏం ప్రాజెక్టు?’ అన్నారు. అప్పుడు నాకు శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి ముంబై గురించి రాసిన ‘వై లాయిటర్?’ పుస్తకం పెద్ద ఆసరా అయింది. 2011లో వచ్చిన ఆ పుస్తకంలో వాళ్లు స్త్రీలకు కావలసింది రక్షణ కాదంటారు. రక్షణ పేరుతో స్త్రీలను లోపలే ఉంచేస్తారు కాబట్టి, పనీపాటా లేకుండా బహిరంగ స్థలంలో తచ్చాడే హక్కునూ, అందులో ఉన్న ప్రమాదాన్ని తమకు తాముగా ఎంచుకునే హక్కునూ అడగాలంటారు. ఆ వాదాన్ని నగరం నుంచి అడవికి మోసుకుపోతే సరిపోతుందని నేననుకున్నాను. అక్కడిదాకా సమస్య తేలిగ్గానే కనబడింది. పితృస్వామ్యం ‘ఎందుకు?’ అని అడుగుతుంది, మనం ‘ఊరికే’ అని తలెత్తి చెబుతాం.

దాన్ని కష్టం చేసింది కట్టెల మోపుతో ఎదురైన ఒక అక్క. శేషాచలం కింద ఒక పల్లె దాటాక, కొండ అంచు బాటలో పైకి పోతున్నాను. ఆమె దిగుతోంది.

“యాడికి పోతాండారు మేడమ్?”

“ఊరికే అక్కా, కోన చూసొద్దామని.”

“ఊరికేనా! మోపూ లేకుండా, మొక్కూ లేకుండానా?” అని పడీపడీ నవ్వింది.

నవ్వడం అయ్యాక పక్కనున్న బండ చూపించింది. “నేను పోయినబ్బుడంతా ఈడ మోపు దించి కుచ్చుంటా. ఎండ కొండ మీంచి దిగేదాకా చూస్తా వుంటా. ఇంట్లో ఆలిస్యమెందుకని అడిగితే, మోపు బరువు అని చెప్తా.”

ఆ చివరి మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఇక్కడ కాంట్ గుర్తొస్తాడు. 1764లో రాసిన పుస్తకంలో ఆయన సౌందర్యాన్ని స్త్రీలకూ, మహోదాత్తతను పురుషులకూ పంచిపెట్టాడు. పూలతోట మనది, అగాధం వాళ్లది అన్నమాట. 1790లో మహోదాత్తతను గురించి మళ్లీ వివరంగా రాస్తూ, అగాధం అంచున కలిగే ఆ భావం పొందాలంటే నైతిక సంస్కారం ఉండాలనీ, అది లేనివాడికి అదే దృశ్యం వట్టి భయంకరంగా ఉంటుందనీ అన్నాడు. మంచుకొండలంటే పడిచచ్చే వాళ్లందరినీ పిచ్చివాళ్లన్న ఆల్ప్స్ పర్వతాల రైతును అందుకు ఉదాహరణగా చూపించాడు. పని చేసుకునేవాడికి కొండ అందం తెలియదని ఈనాటికీ మన చదువుకున్నవాళ్లలో ఉన్న నమ్మకానికి ఇది గౌరవనీయమైన మూలం. నేను కలిసిన అక్క ఆ రైతులాగే నన్ను చూసి నవ్వింది. కానీ ఆమెకు ఆ బండ తెలుసు, ఆ వేళ తెలుసు. చూడటం తెలియక నవ్వలేదామె, మోపు లేకుండా ఇంట్లో ఏమని చెప్పుకుంటుంది ఈవిడ అని నవ్వింది. మోపు ఆమెకు బరువూ అవును, సాకూ అవును. ఆ సాకు చాటున రోజూ కాసింత ‘ఊరికే’ దాచుకుంటోంది.

ఒకసారి ఇది కనబడ్డాక చాలా విషయాలు తిరగబడ్డాయి. మెట్లకు పసుపు పెడుతూ ఎక్కిన మా వీధి ఆవిడ ఏడో మైలు దగ్గర నడుం పట్టుకుని కూర్చున్నప్పుడు ఏం చూసిందో మనం ఎప్పుడూ అడగలేదు. వెంగమాంబ భక్తి నిజం కాదని నేననడం లేదు. అయితే భక్తి తప్ప మరే మాటా ఒక వితంతువుకు ఆ కోనలో చోటు సంపాదించిపెట్టేది కాదని మాత్రం అనగలను. శ్రీశైలం కదళీవనానికి నడిచిన అక్క మహాదేవి కూడా మల్లికార్జునుడి పేరు చెప్పే నడిచింది. అంటే స్త్రీలకు ఊరికే నడవడాన్ని మన స్త్రీవాదులమో, ట్రెక్కింగ్ చేసేవాళ్లమో కొత్తగా నేర్పక్కర్లేదు. వాళ్లు దాన్ని మొక్కుల్లో, మోపుల్లో ముడివేసుకుని ఎప్పటినుంచో దొంగతనంగా అనుభవిస్తూనే ఉన్నారు. మనం అడగవలసింది ఆ దొంగతనం అవసరం లేని రోజు.

అయితే చట్టం దృష్టిలో మా ఇద్దరిలో దొంగ ఎవరు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చూడండి. అభయారణ్యాల్లోకీ, నేషనల్ పార్కుల్లోకీ వెళ్లడానికి ఏయే పనుల కోసం అనుమతి ఇవ్వొచ్చో 28వ సెక్షన్‌లో జాబితా ఉంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోలు తీయడం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవాళ్లతో చట్టబద్ధమైన లావాదేవీలు. అంతే. కట్టెలు ఆ జాబితాలో లేవు. పశువులను మేపడం 35వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. అంటే నా ‘ఊరికే’కి చట్టంలో పర్యాటకం అనే పేరుంది, టిక్కెట్టు ఉంది. పొయ్యి వెలగాలన్న ఆమె అవసరానికి నేరం అన్న పేరుంది. ఇంట్లో అదే ప్రశ్నకు కారణం ఉన్నవాళ్లు గెలుస్తారు, లేనివాళ్లు ఓడిపోతారు. పార్కు గేటు దగ్గర అది తారుమారవుతుంది. మోపు పట్టుకుపోతే ఆమెకు పోయేది కట్టెలు మాత్రమే కాదు. ఆ బండ మీద కూర్చునే అరగంట కూడా పోతుంది. దాన్ని తిరిగి ఇవ్వమని ఏ అర్జీలో రాయాలి?

‘ఎందుకొచ్చావు?’ అన్న ప్రశ్న ఈ అడవిలో ఎంతదూరం పోగలదో 2015 ఏప్రిల్ 7న చూశాం. ఎర్రచందనం కొట్టడానికి వచ్చారంటూ తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలను శేషాచలంలో కాల్చి చంపారు. ఆత్మరక్షణ కోసమని పోలీసులు అన్నారు, బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలు అన్నాయి. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ, వీటి చుట్టుపక్కలా మాత్రమే. దాన్ని కాపాడాలనడంలో సందేహం లేదు. కానీ దుంగ విదేశాలకు చేరితే వచ్చే డబ్బు తినేవాళ్లు ఆ లోయలో లేరు. ఉన్నది కూలికొచ్చినవాళ్లు. వాళ్ల ఊళ్లలో ఆ నెల వితంతువులైన స్త్రీలకు ‘శేషాచలం’ అన్న మాట ఎట్లా వినబడుతుందో ఊహించుకున్నాక, ఆ కొండ అందం గురించి రాసేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగుతుంది.

మా వీధి ఫోటోల్లోని కాన్యన్‌కూ ఇటువంటి కథే ఉంది. అక్కడి ఆదివాసులు హవసుపాయిలను 1882లో లోయ లోపల 518 ఎకరాలకు కుదించారు. 1919లో గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కు అయింది. వాళ్లు తరతరాలుగా సాగుచేసుకున్న ఊటనేల యాత్రికులు నడిచే బాటలో ఒక మజిలీగా మారింది. దాదాపు లక్షా ఎనభై అయిదు వేల ఎకరాలు వాళ్లకు తిరిగి వచ్చింది 1975లో. అప్పటిదాకా ‘ఇండియన్ గార్డెన్’ అని పిలిచిన ఆ మజిలీకి హవసుపాయి గార్డెన్స్ అని పేరు మార్చింది 2022లో. అదే కాన్యన్ అడుగున నదీవిభాగంలో పనిచేసిన మహిళా ఉద్యోగులు ఏళ్ల తరబడి లైంగిక వేధింపులు ఎదుర్కొన్నారని 2016 జనవరిలో ప్రభుత్వ విచారణ నివేదికే బయటపెట్టింది. ఎవరినో ఖాళీ చేయించి సిద్ధం చేసిన ఏకాంతం మిగిలిన స్త్రీలకైనా భద్రత ఇచ్చిందా అంటే, అదీ ఇవ్వలేదు.

మరైతే అడవికి హద్దులే వద్దా? వద్దనడం లేదు. ఒక హద్దు న్యాయమైనదా కాదా అని చూడటానికి నాకు ఒక ఉదాహరణ ఉపయోగపడింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుతపులి చంపింది. ఆ తర్వాత పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి రానివ్వకూడదని టి.టి.డి. నిర్ణయించింది. నడిచేవాళ్లకు చేతికర్రలు ఇచ్చింది. చిన్నపిల్లల తల్లులకు అది ఇబ్బందే. కానీ అందులో ప్రమాదం ఏమిటో చెప్పారు, ఎవరికి వర్తిస్తుందో చెప్పారు. ఆడపిల్లకొక గంట, మగపిల్లవాడికొక గంట అనలేదు. నాకు చెప్పిన హద్దుల్లో ఎప్పుడూ ఆ కారణం ఉండదు. కట్టెల అక్కకు చెప్పే హద్దులో కారణం ఉంటుంది, అడవి నరికివేత అంటారు. కానీ రాలిన పుల్లను ఏరినవాళ్లనూ, దుంగను లారీకెత్తించినవాళ్లనూ అందులో ఒకే గాటన కడతారు. 2006 అటవీ హక్కుల చట్టం నేషనల్ పార్కుల్లో సైతం అడవి మీద బతికేవాళ్ల హక్కుల్ని గుర్తిస్తుంది, భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంటుంది. గిరిజనేతరులు మాత్రం మూడు తరాలుగా, అంటే డెబ్బయి అయిదేళ్లుగా అక్కడే ఉన్నట్టు చూపించుకోవాలి. పుల్లలేరుకున్న అవ్వల పేర్లు ఏ రికార్డులో ఉంటాయి?

కాబట్టి ఊరికే నడిచే హక్కు కావాలన్న నా కోరికను నేను వెనక్కి తీసుకోవడం లేదు. అది విలాసం అని ఒప్పుకోవడమూ లేదు. స్త్రీలకు ఆకలితో పాటు ఆకాశం కూడా కావాలి. నేను ఒప్పుకోనిది ఆ హక్కును టిక్కెట్టు రూపంలో తీసుకోవడాన్ని. టిక్కెట్టు కొన్న క్షణంలో నా ‘ఊరికే’ కూడా ఒక కారణం అయిపోతుంది, రాజ్యానికి ఆదాయం అనే కారణం. పైగా నేను నిశ్శబ్దంగా నడవడానికి వీలుగా ఇంకొక స్త్రీని బాట మీంచి తప్పించే పనిలో నేనూ భాగస్వామినవుతాను. ఒంటరితనం కావాలని అడగడానికీ, బాట ఖాళీగా కావాలని అడగడానికీ మధ్య ఎంతో తేడా ఉంది. మొదటిది వెంగమాంబ అడిగింది. రెండోది పర్యాటకం అడుగుతుంది.

ఇప్పుడు ఏ కోనకు తలుపు తెరిచారని విన్నా, ఏ మహిళా ట్రెక్కింగ్ బృందం బయలుదేరిందని విన్నా నాకు సంతోషంగానే ఉంటుంది. వెంటనే ఒక చిన్న ప్రశ్న కూడా వేసుకుంటాను. ఆ బాటలో మోపుతో ఎదురయ్యే స్త్రీ పక్కకు తప్పుకోవలసి వస్తుందా, లేక మోపు దించి, ఇంట్లో ఏ సాకూ చెప్పకుండా మనతో పాటు కాసేపు కూర్చోగలుగుతుందా? ఆమె కూర్చోగలిగితేనే మనం గెలుచుకున్న దాన్ని స్వేచ్ఛ అనొచ్చు. అప్పటిదాకా అది మనకిచ్చిన అనుమతి మాత్రమే.